పది ఇరవై రెండుకు లేచిన గీత

మూడంతస్తుల మెట్లెక్కి నేను ఆ ప్రయోగశాలకు చేరేసరికి ఒంటిగంటా పది నిమిషాలైంది. అప్పటికే కేసు తేలిపోయిందట. ఆ మాట చెప్పింది మా బావమరిది. చంకలో ఫైలు పెట్టుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"మీకెందుకు బావగారూ ఈ శ్రమ? మోకాళ్లు బాగోలేవని అక్క రోజూ ఫోన్లో మొత్తుకుంటోంది. పిల్ల తప్పు చేసింది, దొరికింది. నాలుగింటికి తీసుకెళ్లిపోతాను. మీరు ఇంటికెళ్లి ఓ కునుకు తియ్యండి."

బావమరిది బతకగోరతాడని సామెత. మావాడూ కోరతాడు, కాదనను. పడక్కుర్చీలో కూర్చుని బతకమంటాడు, అదే చిక్కు. అతను ఈ ప్రాంతానికి పోలీసు ఇన్‌స్పెక్టరు, నేను ప్రైవేటు డిటెక్టివ్‌ని. పదకొండేళ్లుగా ప్రతి కేసులోనూ పోట్లాడుకుంటాం, ప్రతి ఆదివారం మా ఇంట్లో ఒకే బల్ల దగ్గర భోంచేస్తాం. నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు కావలసింది కూడా కునుకే. మూడు రోజులుగా ఇంకో కేసు మీద తిరిగి తిరిగి కళ్లలో ఇసుక పోసినట్టుంది. కానీ మధ్యాహ్నం పన్నెండింటికి ఒకావిడ నా ఆఫీసుకొచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా, "మా చెల్లి చేతిలో తొందరన్నది లేదండీ. దానికి అన్నం తినడానికే గంట పడుతుంది. అది గబగబా పోసేసిందంటే నేను నమ్మను" అంది. నేనూ నమ్మలేదు. ఎందుకని అడిగితే చెప్పలేను. బాగా అలిసిపోయినప్పుడు మనిషికి పెద్ద వాదనలు ఎక్కవు, ఇలాంటి చిన్న మాటలే ఎక్కుతాయి.

"తేల్చిందేమిటో చెప్పు, వింటాను," అన్నాను గోడకు ఆనుకుని.

మావాడు ఫైలు తెరిచాడు.

"ఇక్కడ కరెంటు పారే ప్లాస్టిక్ తయారు చేస్తారు. అనిలిన్ అని ఒక ద్రవం. దాన్ని ఆమ్లంలో కలిపి, ఫ్లాస్కును ఐసు తొట్టిలో పెట్టి, పైన గరాటులోంచి ఇంకో ద్రావణం బొట్టు బొట్టుగా దించాలి. గంటన్నర పని. ఒక్కసారిగా పోస్తే వేడెక్కి పొంగుతుంది. ఆ బొట్లు వేసే పని ఈ పిల్లది. తొమ్మిదిన్నరకు మొదలెట్టింది. పదీ పదిహేనుకు టీకి పోయింది. పోతూ పోతూ మిగిలిన సగం వదిలేసింది, పని తొందరగా అయిపోతుందని."

"పెద్దాయన?"

పెద్దాయన అంటే ఆ ప్రయోగశాల అధిపతి. అక్కడ అందరికీ ఆయన పెద్దాయనే.

"పది ఇరవైకి ఫోనొస్తే ఆఫీసు గదిలోకెళ్లాడు. గుమస్తా చూశాడు. పది ఇరవై ఆరుకి తిరిగొచ్చాడు. ఫ్లాస్కు పొంగి పగిలింది, ఆయన జారిపడ్డాడు, బల్ల అంచు తలకి తగిలింది. పది ముప్ఫై మూడుకు ఎదురుగది మాస్టారు శబ్దం విని వచ్చి, గుమ్మంలోంచి చూసి కేక పెట్టాడు. ఇప్పుడు ఆస్పత్రిలో స్పృహ లేదు. సాయంత్రం దాకా ఏమీ చెప్పలేమన్నారు డాక్టర్లు. ఆయన పోతే మాత్రం ఈ పిల్ల చాలా ఏళ్లు లోపలే."

"ఒక్కసారిగా వదిలేసిందని ఎవరు చూశారు?"

"చూడాలా? గరాటులో సగం ఉండాలి. ఖాళీగా ఉంది. ఇంకేం కావాలి?"

"ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నాడట నీలాంటివాడే."

"సామెతలు కోర్టులో చెల్లవు బావగారూ," అని పక్కకు తప్పుకున్నాడు. అడ్డుపెట్టలేదు. అంతవరకు మంచివాడే.

*

ఆ అమ్మాయిని ఖాళీ సీసాలు పెట్టే చిన్న గదిలో కూర్చోబెట్టారు. ఇరవై ఆరేళ్లుంటాయి. తెల్లకోటు చేతుల నిండా ముదురు పచ్చ మరకలు. తొట్టిలో ఐసు కరగకుండా కాపలా కాయడమే పని కాబట్టి అందరూ ఐసమ్మ అంటారట. ఆ పేరు చెబుతూ తను సిగ్గుపడలేదు. అలసటగా గోడకేసి చూస్తూ చెప్పింది.

"టీకి ఎన్నింటికి వెళ్లావమ్మా?"

"పదీ పదిహేను సార్. పుస్తకంలో రాసే వెళ్లాను. గరాటులో సగం, తొట్టి మూడు డిగ్రీలు అని."

"పని మధ్యలో వదిలి వెళ్లొచ్చా?"

"వెళ్లకూడదు." తల దించుకుంది. "పెద్దాయనే పొమ్మన్నారు. పొద్దున్న ఆరింటి నుంచి ఐసు కొడుతూనే ఉన్నావు, పది నిమిషాలు కూర్చునిరా, బొట్లు నేను చూస్తానన్నారు."

"ఇన్‌స్పెక్టరుకి చెప్పావా?"

"చెప్పాను. ఆయన లేచి చెబితే నమ్ముతానన్నారు."

"చూస్తానన్నవాడు మరి ఫోను కోసం ఎందుకు వెళ్లాడు?"

"ఐదు నిమిషాలకి ఏమీ కాదు సార్. కుళాయి నేను సరిచేసి పెడితే రెండు సెకన్లకో బొట్టు, గంటైనా తేడా రాదు." మొదటిసారి నా వంక సూటిగా చూసింది. "నాకు వేరే ఏం తెలీకపోయినా అది తెలుసు."

ఆ మాటలో కోపం ఉంది. అబద్ధమాడేవాళ్లు సాధారణంగా ఏడుస్తారు, లేకపోతే ఒట్లు వేస్తారు. తమ పనితనాన్ని అనుమానించారని కోప్పడేవాళ్లు తక్కువ. నాకు ఆ పిల్ల మీద జాలి వేసింది, దాంతోపాటు నా మీద నాకు చిరాకు వేసింది. జాలిపడితే ఆ పూట ఇంటికి పోలేను.

"ఆ పచ్చమరకలు ఏమిటి?"

"అదే సార్ మేం చేసేది. పచ్చగా ఉంటేనే దాంట్లోంచి కరెంటు పారుతుంది. అమోనియా తగిలితే నీలంగా మారిపోతుంది, కరెంటు ఆగిపోతుంది. మా గదిని పచ్చగది అంటారు. ఎదురుగది నీలంగది. అక్కడ నీలం మాస్టారు మా పచ్చపొడిని అమోనియాతో కడిగి నీలం చేస్తారు. నీలంగా ఉంటేనే అది ద్రావకంలో కరిగి పలచటి పొరగా పరుచుకుంటుంది. ఆ పొరని పట్టీలుగా కోసి, ఆమ్లంలో నానబెట్టి మళ్లీ పచ్చ చేస్తారు."

"పచ్చని నీలం చేసి, నీలాన్ని మళ్లీ పచ్చ చేస్తారా?"

"అవును సార్."

"పోలీసు ఫైళ్లు కూడా అలాగే తిరుగుతాయి."

నవ్వబోయి ఆగిపోయింది. నవ్వితే తప్పనుకుందేమో.

"అందుకే సార్, ఆ గదిలో తొడుక్కున్న చేతితొడుగులు ఈ గదిలోకి రాకూడదు. కోటు కూడా గుమ్మం దగ్గర విప్పి కొక్కేనికి తగిలించాలి. నేల తుడిచే గుడ్డలు కూడా వేరువేరు. పెద్దాయన ఈ ఒక్క విషయంలోనే అరుస్తారు." గొంతు తగ్గించి అడిగింది. "ఆయన బతుకుతారా సార్?"

"తెలియదమ్మా," అన్నాను.

*

పచ్చగది చిన్నది. కిటికీ పక్కన అద్దాల అర, దాని పైన ఆవిర్లు పీల్చే గొట్టం. అరలో ఐసు తొట్టి, అందులో మెడ విరిగిన ఫ్లాస్కు. పొంగిన ముద్ద అద్దం మీద, బల్ల మీద, నేల మీద ఎండి అట్టకట్టింది. ఎక్కడ చూసినా అదే ముదురు పచ్చ. బల్ల అంచున ఉన్నది మాత్రం రక్తం. ఫ్లాస్కు పైన ఇనుప స్టాండుకు గరాటు చెక్కుచెదరకుండా వేలాడుతోంది. ఖాళీగా ఉంది. కుళాయి మూసి ఉంది.

నేను వంగి చూస్తుంటే జేబులో ఫోను మోగింది. మా ఆవిడ.

"మా తమ్ముడితో పోట్లాడుతున్నారా?"

"లేదు."

"అంటే పోట్లాడుతున్నారన్నమాట. మందులేసుకున్నారా?"

"వేసుకున్నాను," అని అబద్ధం చెప్పి పెట్టేశాను. పక్కనుంచి బావమరిది ముసిముసిగా నవ్వుతున్నాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ వంగాను. గరాటు కుళాయికి రెక్కలాంటి గాజు పిడి ఉంటుంది. పచ్చటి చేతులతో రోజూ తిప్పీ తిప్పీ దాని మీద పచ్చటి పూత పేరుకుంది. ఆ పచ్చ మధ్యలో, ఒక్కచోట, బొటనవేలంత మేర నీలం.

"ఇది చూశావా?"

"చూశాను. ఫైల్లో రాశాను కూడా. సిరా మరక."

"పరీక్షకు పంపావా?"

"సిరాని పరీక్షకు పంపితే నన్ను పరీక్షకు పంపుతారు."

మోకాలు పట్టేసింది, బల్ల పట్టుకుని లేచాను. అప్పుడు కనిపించింది బల్ల చివరనున్న యంత్రం. పాతకాలపు రికార్డరు. కాగితం చుట్ట నిమిషానికి గోరంత చొప్పున జరుగుతోంది, దాని మీద రెండు కలాలు రెండు గీతలు గీస్తున్నాయి, ఒకటి ఎరుపు, ఒకటి నలుపు. కాగితం అంచున గంటలూ నిమిషాలూ అచ్చయి ఉన్నాయి. మనుషులు పడ్డా, పోలీసులొచ్చినా దాని పని అది చేసుకుపోతోంది.

కింద కుప్పగా పడ్డ కాగితాన్ని పైకి లాగి పొద్దుటి దాకా వెనక్కి వెళ్లాను. ఎర్రగీత చాలాసేపు తిన్నగా నడిచింది. పది ఇరవై రెండు దగ్గర నిట్టనిలువునా లేచింది. పది ముప్ఫై ఒకటి దగ్గర దబ్బున దిగింది.

"ఐసమ్మని పిలిపించు," అన్నాను.

ఆ అమ్మాయి గుమ్మంలో ఆగి, బల్ల అంచున రక్తం చూసి, కళ్లు అటునుంచి తిప్పేసుకుంది. కాగితం చూపించాను.

"ఇదేమిటి?"

"పట్టీల పరీక్ష సార్. ఈ పట్టీలని కోల్డ్ స్టోరేజీల్లో పెడతారు. గది చల్లబరిచే యంత్రాల్లోంచి అమోనియా కారితే పట్టీలో కరెంటు తగ్గిపోతుంది, పెట్టె అరుస్తుంది. ఇక్కడ రోజంతా అలా తగిలించి వదిలేస్తాం, ఊరికే స్థిరంగా ఉంటుందో లేదో చూడ్డానికి. ఎర్రగీత మొన్న చేసిన కొత్త పట్టీది." కాగితం మీద వేలు నడిపి, చప్పున ఆగింది. "ఇదేంటి? ఇలా లేచిందేంటి?"

"నిన్నే అడుగుతున్నా."

"గీత చూపించేది కరెంటుకి ఎంత అడ్డో. అమోనియా వచ్చి కరెంటు తగ్గితేనే లేస్తుంది. కానీ ఇక్కడికి అమోనియా ఎవరూ తేరు సార్."

"మరి ఇక్కడ దిగిందెందుకు?"

ఆ అమ్మాయి అద్దాల అర వంక చూసింది. "ఫ్లాస్కు పొంగినప్పుడు ఆమ్లం ఆవిరి కొట్టుంటుంది. ఆమ్లం తగిలితే పట్టీ మళ్లీ పచ్చబడుతుంది, గీత దిగుతుంది."

"అంటే పొంగింది పది ముప్ఫై ఒకటికి. అంతకు తొమ్మిది నిమిషాల ముందు నుంచీ ఈ గదిలో ఎవరో అమోనియాతో ఉన్నారు. నువ్వు పదీ పదిహేనుకే గరాటు వదిలేసి ఉంటే ఎప్పుడు పొంగేది?"

"ఐదారు నిమిషాలు. పదీ ఇరవై రెండు దాకా కూడా ఆగేది కాదు."

బావమరిది కాగితం నా చేతిలోంచి లాక్కున్నాడు. "ఇది కలమండీ. కలం ఎగిరుంటుంది. లేకపోతే కేక పెట్టడానికొచ్చిన మాస్టారి చేతి వాసన తగిలుంటుంది."

"ఆయన కేక పెట్టింది పది ముప్ఫై మూడుకి. నువ్వే రాశావు. వాసన పదకొండు నిమిషాలు ముందే వచ్చేసిందా?"

"ఒక గీత పట్టుకుని నా కేసుని తలకిందులు చేస్తారా?" ఈసారి గొంతులో ఎగతాళి లేదు, నిజంగానే కోపం వచ్చింది. "పై ఆఫీసరుకి ఫోన్లో చెప్పేశాను బావగారూ, కేసు తేలిందని. మీకు పోయేదేముంది? తప్పైతే ఇంటికెళ్లి పడుకుంటారు. మాట పడేది నేను."

"నువ్వు మాట పడతావు, ఆ పిల్ల జైల్లో పడుతుంది. ఏది బరువో తూచుకో."

ఆ పోట్లాట నాకు ఏమాత్రం సరదాగా లేదు. చివరికి అతనే తలుపు దగ్గరికెళ్లి కానిస్టేబుల్‌తో, "ఎదురుగది మాస్టారిని రమ్మను," అన్నాడు.

*

నీలం మాస్టారికి యాభై ఎనిమిదేళ్లుంటాయి. సన్నగా, కాస్త వంగి ఉన్నాడు. గుమ్మం దగ్గరికి రాగానే ఆగి, చేతితొడుగులు విప్పి, కోటు విప్పి, రెండూ కొక్కేనికి తగిలించి లోపలికి అడుగుపెట్టాడు. ఎవరూ చెప్పకుండానే చేశాడు. కోటు నిండా నీలం, గోళ్ల చుట్టూ నీలం, చెవి వెనక కూడా ఒక నీలం చార ఉంది.

"నేను ఈ గదిలోకి ఇవాళ అడుగు పెట్టలేదండీ," అన్నాడు, నేను నోరు విప్పకముందే. "గుమ్మంలోంచే చూసి కేకేశాను."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది. అయినా నేను ఆ మాట పట్టుకోలేదు.

"అది కాదు మాస్టారూ. మీరు అనుభవమున్నవారు. ఆ గరాటు కుళాయి ఒకసారి చూడండి. ముట్టుకోవద్దు. ఏమైనా తేడాగా ఉందా?"

ఆయన వంగి చూశాడు. తీరిగ్గా, నిజాయితీగా చూశాడు. "కుళాయి బాగానే ఉంది. పగుళ్లేం లేవు."

"దాని మీద?"

"ఏముంది? మరక. మరకలు మామూలే."

"ఐసమ్మా, నువ్వు చూడు."

ఆ అమ్మాయి వంగిందో లేదో వెనక్కి తగ్గింది. "ఇది నీలంగా ఉందేంటి?" అంది. "సార్, పచ్చగదిలో నీలం ఎలా వచ్చింది?"

మాస్టారు ఆ మరక వంక మళ్లీ చూశాడు. ఈసారి ఆయనకు కనిపించింది. ఇరవై రెండేళ్లుగా ఆయన బల్ల నీలం, గుడ్డ నీలం, చేతులు నీలం. నీలం మరక ఆయన కంటికి మరకే కాదు. పచ్చగదిలో పనిచేసే ఎవరి కంటైనా అది ఇట్టే పడుతుంది.

"పది ఇరవై రెండుకి వచ్చారు," అన్నాను. "చేతితొడుగులు విప్పకుండా వచ్చారు. ఎందుకంత తొందర?"

ఆయన కుర్చీ కోసం వెతికాడు. లేదు. గోడకు ఆనుకుని నేల మీదే కూలబడ్డాడు.

"నేను ఆయన్ని ఏమీ చెయ్యలేదు," అన్నాడు. "ఫోన్లో ఉన్నాడు కదా, ఒక్క నిమిషంలో పని చూసుకుని వెళ్లిపోదామనుకున్నాను. ఆ పట్టీ క్లిప్పులు ఊడి రాలేదు. ఈలోగా ఆయన వచ్చేశాడు. చేతితొడుగులతో లోపలికొచ్చావేంటయ్యా అన్నాడు. అదే మొదటి మాట. నేను తడబడి వెనక్కి జరిగాను, మోచెయ్యి కుళాయికి తగిలింది. తిప్పి మూసేసరికి గరాటంతా దిగిపోయింది."

"తర్వాత?"

"ఆయన గుప్పిళ్లతో ఐసు ఎత్తి తొట్టిలో వేస్తూనే ఉన్నాడు. వెళ్లిపోదాం రమ్మన్నాను. పిల్ల పొద్దుటి నుంచి కష్టపడింది, పాడవనివ్వను అన్నాడు. పొంగింది. నేను వెనక్కి దూకాను. ఆయన దూకలేదు."

ఐసమ్మ మొహం రెండు చేతులతో కప్పుకుంది. ఏడుపు వినబడలేదు, భుజాలు మాత్రం కదిలాయి. మాస్టారు ఆ అమ్మాయి వైపు చూడలేకపోయాడు. "ఆయన లేస్తే ఆయనే చెబుతాడులే అనుకున్నానమ్మా," అన్నాడు. "నిన్ను తీసుకెళ్తారని అనుకోలేదు."

"తీసుకెళ్తుంటే చూస్తూ ఊరుకున్నావు కదయ్యా!" బావమరిది అరిచాడు. ఆ అరుపులో సగం తన మీద తనకున్న కోపమే. ఫైలు మూసి బల్ల మీద పడేశాడు. "నువ్వు కిందికెళ్లి కూర్చోమ్మా. మీ అక్క వచ్చింది. నీతో ఇక పని లేదు."

నేను కూడా వెళ్లిపోవలసింది అక్కడే. పిల్ల బయటపడింది, నన్ను పిలిచిన పని అయింది, ఒళ్లు పడక కోరుకుంటోంది. కానీ మాస్టారి మాట ఒకటి చెవిలో ముల్లులా ఉండిపోయింది. క్లిప్పులు ఊడి రాలేదన్నాడు. అంటే ఆయన వచ్చింది ఒక పట్టీ తీసుకుపోవడానికి. కాగితం మళ్లీ చేతిలోకి తీసుకున్నాను. ఇంతసేపూ అందరం ఎర్రగీతనే చూశాం. దాని పైన నల్లగీత ఉంది. పది ఇరవై రెండు దగ్గరా తిన్నగానే ఉంది, పది ముప్ఫై ఒకటి దగ్గరా తిన్నగానే ఉంది. రూళ్లకర్రతో గీసినట్టు.

"ఐసమ్మా, ఆగు. ఈ నల్లగీత ఏ పట్టీది?"

"తెలీదు సార్. పొద్దున్న పెద్దాయనే తెచ్చి తగిలించారు."

"ఒకే బల్ల మీద, పక్కపక్కన ఉన్నాయి రెండు పట్టీలు. అమోనియా వచ్చినప్పుడు ఒకటి లేచింది. రెండోది ఎందుకు లేవలేదు?"

ఆ అమ్మాయి రికార్డరు వెనక్కి వెళ్లి, క్లిప్పుల మధ్యనున్న చిన్న పట్టీని వెలుతురులో చూసింది. "ఇది నీలంగా ఉంది," అంది నెమ్మదిగా. "ఆమ్లం ఆవిరి తగిలినా పచ్చబడలేదు, పూర్తిగా పాడైపోయింది. మాస్టారూ, ఇది ఏ లాటు?"

మాస్టారు కళ్లు మూసుకున్నాడు.

"పోయిన నెలది. ఇరవై నాలుగు పట్టీలు. రాత్రంతా ఆమ్లంలో నానాలి. ఆ రోజు కింద వ్యాను వచ్చి నిలబడింది, అరగంటే నానబెట్టాను. పైకి పచ్చగా వచ్చాయి, పరీక్షలో కూడా పాసయ్యాయి. ఒకటి నా దగ్గరుంచుకుని మిగతావి పంపేశాను. నా సొరుగులో మిగిలిన ముక్క పది రోజులకి నీలంగా తిరిగింది. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ..." చేతుల మీది నీలం చూసుకున్నాడు. "నిన్న పెద్దాయన సొరుగులో చూశాడు. పాతముక్క అన్నాను. నమ్మలేదు, తెచ్చి తగిలించాడు."

"మిగిలిన ఇరవై మూడూ ఎక్కడున్నాయి?"

"రేవు దగ్గర చేపల కోల్డ్ స్టోరేజీలో. బిగించేశారు."

"అమోనియా వస్తే?"

"అరవవు," అంది ఐసమ్మ. "కరెంటు ఒక్కసారిగా పడితేనే పెట్టె అరుస్తుంది సార్, రోజుల తరబడి మెల్లగా తగ్గితే పట్టుకోదు. వీటిలో తగ్గడానికి ఇంక కరెంటే లేదు. ఏం వచ్చినా పచ్చదీపమే వెలుగుతుంది."

బావమరిది అప్పటికే నంబరు అడిగి డయల్ చేస్తున్నాడు. ఫోను బల్ల మీద పెట్టి స్పీకరు నొక్కాడు. గోడ గడియారం రెండూ యాభై ఐదు చూపిస్తోంది. నాలుగోసారి మోగాక సూపర్‌వైజరు ఎత్తాడు. తీరికైన గొంతు.

"పోలీసులా? ఏమైందండీ?"

"మీ దగ్గర ఏమైనా ఘాటు వాసన వస్తోందా?"

"వాసనా? పొద్దుటి నుంచీ కొంచెం ఉందండీ. భోజనాల తర్వాత కాస్త పెరిగింది. కళ్లు మండుతున్నాయని ముగ్గురు నలుగురు బయటికొచ్చారు. బోర్డు మీద పచ్చదీపం ఉంది కదా, ఏం భయం లేదని నేనే సర్దిచెప్పి లోపలికి పంపాను."

ఐసమ్మ మమ్మల్నిద్దరినీ తోసుకుని ఫోను అందుకుంది.

"సార్, ఆ దీపాన్ని నమ్మకండి. పెట్టెలు పనిచెయ్యట్లేదు. లోపల ఎంతమందున్నారు?"

"ముప్ఫై ఎనిమిది... ఎవరమ్మా నువ్వు?"

"అందర్నీ బయటికి రప్పించండి. ముక్కుకి తడిగుడ్డ కట్టుకోమనండి. గాలి ఎటునుంచి వస్తుంటే అటువైపు పరిగెత్తమనండి. సైరన్ నొక్కండి!"

ఈసారి వచ్చిన గొంతు మునుపటి గొంతు కాదు.

"సైరన్ ఆ పెట్టెలకే కలిపారమ్మా. నొక్కడానికి ఏమీ లేదు. నేనే పోయి చెప్పాలి."

"వద్దు సార్! మీరు లోపలికెళ్లొద్దు, ఆగండి, ఫైరింజన్ వస్తుంది..."

"నేనే పంపానమ్మా వాళ్లని."

అవతల ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడైంది. బావమరిది వైర్‌లెస్‌లో అరుస్తూ మెట్ల మీద పరుగెడుతున్నాడు. ఐసమ్మ ఫోనును రెండు చేతులా పట్టుకుని "సార్, సార్" అంటూనే ఉంది. దూరంగా బరువైన తలుపు గొళ్లెం తీసిన శబ్దం వినిపించింది. ఆ తర్వాత ఒక మనిషి దగ్గు, దాని వెనక ఎంతోమంది దగ్గులు.